ట్రాక్టర్ మడ్‌గార్డు మీద రెండో మనిషి ఎందుకు?

దమ్ములు మొదలయ్యాయంటే మా క్యాజువాల్టీలో సిస్టర్లు పెద్ద డ్రెస్సింగ్ ట్రేలు రెండు అదనంగా సిద్ధం చేసి పెట్టుకుంటారు. వారికి ఎవరూ చెప్పనవసరం లేదు. కాలువలకు నీళ్ళు వదిలిన పది పదిహేను రోజులలో మొదటి ట్రాక్టర్ కేసు వస్తుందని వారికి అనుభవం. అలాగే మొక్కజొన్న ఒలిచే రోజులలో చేతులు, జడలు, చీర కొంగులు మిషన్లలో పడిన కేసులు వస్తాయి.

ఈ పత్రికలో షుగరు గురించి, బి.పి. గురించి, గర్భిణీ స్త్రీల ఆహారం గురించి ఎన్నోసార్లు వ్రాశాము. ట్రాక్టర్ గురించి నర్సులు వ్రాయడమేమిటని కొందరు నవ్వవచ్చు. ఇంజను సంగతులు మాకంటే మెకానిక్కుకు బాగా తెలుసు, కాదనము. కాని ఆ ఇంజను తిప్పే కత్తులు మనిషి కాలిని ఏమి చేస్తాయో మెకానిక్కు కంటే మేమే ఎక్కువగా చూస్తున్నాము. షుగరు ఇరవై ఏళ్ళలో చేసే నష్టాన్ని రోటవేటరు ఒక్క నిమిషంలో చేస్తుంది. పైగా మాకు వచ్చే ట్రాక్టర్ కేసులలో డ్రైవర్లు తక్కువ. పక్కన కూర్చున్నవారు, వెనుక నడిచినవారు, భోజనం తెచ్చినవారు, ఊరికే చూడడానికి వచ్చిన పిల్లలు ఎక్కువ. అంటే ఆ సమయంలో అక్కడ ఉండవలసిన అవసరమే లేనివారు. అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము. ట్రాక్టర్‌కు సీటు ఒకటే ఉన్నది కనుక దాని మీద ఒక్కరే ఉండాలి. రెండవ మనిషిని ఎక్కించుకోమని అడిగేవారిదీ తప్పే, సరేననేవారిదీ తప్పే.

మడ్‌గార్డు అనేది చక్రం నుండి ఎగిరే బురదకు అడ్డుగా పెట్టిన వంపు రేకు. అది కూర్చోవడానికి చేసినది కాదు. పట్టుకోవడానికి సరైన ఆధారం ఉండదు, కాలు ఆనించే చోటు ఉండదు. డ్రైవరు స్టీరింగు పట్టుకుని ఉంటాడు కనుక గతుకు వస్తే నిలదొక్కుకుంటాడు. పక్కనున్నవాడికి ఆ గతుకు వస్తున్నదని కూడా తెలియదు. అక్కడినుండి జారితే ముందుకు పడినా వెనుకకు పడినా పెద్ద చక్రం దగ్గరకే పడతాడు, ఆ వెనుక రోటవేటరు తిరుగుతూ ఉంటుంది. ఇంజను నుండి వెనుకకు వచ్చే పి.టి.ఓ. షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. రోటవేటరులోని గేరుబాక్సు ఆ వేగాన్ని తగ్గించి కత్తులను నిమిషానికి సుమారు 200 సార్లు తిప్పుతుంది. తగ్గించినది కదా అని అనుకోకూడదు, సెకనుకు మూడు చుట్లకు పైమాటే. ఎల్ అక్షరం వలె వంగిన ఆ కత్తులు గట్టి నేలను చీల్చడానికి చేసినవి, మనిషి ఎముక వాటికి ఒక లెక్కలోనిది కాదు. డ్రైవరు అరుపు విని, అర్థం చేసుకుని, క్లచ్చి తొక్కేసరికి ఎంత లేదన్నా ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో మూడు చుట్లు పూర్తవుతాయి.

దమ్ము చేసేటప్పుడు తెల్ల కొంగలు ట్రాక్టర్ వెనుక వరుసగా నడుస్తూ పురుగులను ఏరుకుంటాయి. ఆ దృశ్యం పిల్లలకు ఎంత సరదాయో మాకు తెలుసు. సెలవు రోజున తండ్రి ట్రాక్టర్ తోలుతుంటే పదేళ్ళ పిల్లవాడు ఇంటిలో కూర్చోడు. ఒకసారి ఎక్కించుకోకపోతే ఏడుస్తాడు, ఎక్కించుకుంటే రేపు మళ్ళీ అడుగుతాడు. అటువంటి ఒక బాబు మా వార్డులో పదకొండు వారాలు ఉన్నాడు. కాలు నిలబడింది గాని పాదం పూర్తిగా కింద ఆనదు. డ్రెస్సింగ్ మార్చే ప్రతి ఉదయం ఆ తండ్రి వరండాలోకి వెళ్ళి నిలబడేవాడు. అతడు అజాగ్రత్త మనిషి కాడు, తాగే అలవాటు లేదు. పదిహేనేళ్ళుగా ట్రాక్టర్ తోలుతున్నవాడు. ఎంత మంచి డ్రైవరైనా మడ్‌గార్డు మీద ఉన్నవాడి పట్టు తప్పకుండా చూడలేడు.

రెండో మనిషి ఎందుకని అడిగితే పెద్దలు కొన్ని కారణాలు చెబుతారు. వాటిని మేము కొట్టిపారేయడం లేదు. మొదటిది, ట్రాక్టర్ గంటల లెక్కన అద్దెకు వస్తుంది గనుక పొలం ఆసామి పక్కన కూర్చోకపోతే డ్రైవరు పైపైన దున్ని వెళ్ళిపోతాడని. ఇది నిజమైన బాధే. కాని గట్టు మీద నిలబడి చూస్తే లోతు ఇంకా బాగా తెలుస్తుంది. గంటలకైతే చేతి గడియారం ఉండనే ఉంది. రెండవది, కొత్త డ్రైవరుకు నేర్పించాలని. నేర్పించేటప్పుడు ముందుగా ఖాళీ స్థలంలో రోటవేటరు విప్పివేసి, నేర్పేవారు కింద నిలబడి చెప్పాలి. మూడవది, ఊరినుండి పొలానికి రెండు మైళ్ళు, నడవలేక ఎక్కామని. దీనికి సైకిలో, మోటారు సైకిలో సమాధానం గాని మడ్‌గార్డు కాదు.

చట్టం కూడా ఈ మాటే చెబుతున్నది. 1989 నాటి రోడ్డు నియమాలలోనే ట్రాక్టర్ తోలే డ్రైవరు దాని మీద వేరే ఎవరినీ ఎక్కించుకోరాదని వ్రాసి ఉంది. ఆ నియమాల స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. చట్టం సంగతి పక్కనబెట్టినా డబ్బు సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. ట్రాక్టర్‌కు బీమా ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు. ప్రమాదం జరిగాక, వ్యవసాయానికని తీసుకున్న బీమా మీద కూర్చొని వెళ్ళినవారికి వర్తించదని కంపెనీ కోర్టులో వాదిస్తుంది, ఆ వాదన చాలాసార్లు నెగ్గింది. 2007లో సుప్రీంకోర్టు ఒక ట్రాలీ కేసులో కంపెనీకి బాధ్యత లేదని చెప్పింది. గాయపడినవాడు పేద కూలీ గనుక ముందు కంపెనీయే చెల్లించి, తరువాత యజమాని వద్ద రాబట్టుకోమన్నది. అంటే చివరికి పొలం అమ్మి కట్టేది ట్రాక్టర్ యజమానే. ఈ విషయం యజమానులు ఒకసారి గట్టిగా ఆలోచించాలి.

ఇక షాఫ్టు సంగతి. ట్రాక్టర్‌కూ వెనుక మిషనుకూ మధ్య తిరిగే ఆ కడ్డీ మీద కంపెనీవారు ప్లాస్టిక్ తొడుగు ఒకటి ఇస్తారు. ఒక సీజను గడిచేసరికి అది పగులుతుంది, లేదా గ్రీజు పెట్టడానికి అడ్డమని విప్పి షెడ్డులో పడేస్తారు. మళ్ళీ కొనరు. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది చుట్లు. గుడ్డ అంచు ఒకటి దానికి తగులుకుంటే సెకనుకు సుమారు రెండు మీటర్ల చొప్పున చుట్టుకుపోతుంది. చీర కొంగు పొడవు ఎంతో మా అక్కచెల్లెళ్ళకు చెప్పనవసరం లేదు, అర సెకనులో అయిపోతుంది. కొంగు, కండువా, లుంగీ అంచు, వేలాడే జడ, వదులు చొక్కా చేతులు, ఏదైనా అంతే. మొక్కజొన్న మిషను వద్ద కండెలు అందించే స్త్రీలు కొంగు బిగించి నడుముకు దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి, తిరుగుతున్న షాఫ్టును ఎప్పుడూ దాటకూడదు. చుట్టూ తిరిగి వెళ్ళడానికి ఇరవై అడుగులు ఎక్కువ నడవాలి, నడవండి. యజమానులకు మా మాట ఒకటే. తొడుగు లేని షాఫ్టుకు మిషను తగిలించకండి. కొత్త తొడుగుకు అయ్యే ఖర్చు మా ఆపరేషన్ థియేటరులో ఒక పూట ఖర్చుకు కూడా చాలదు. కూలీలు కూడా తొడుగు ఉందా అని అడగాలి. అడిగితే రేపు పని ఇవ్వరేమోనని భయపడతారు, ఆ భయం మాకు తెలుసు. అందుకే ఈ మాట మొదట యజమానుల ఇళ్ళలోనే చదవాలని కోరుతున్నాము.

అమెరికాలో ఉన్న మన పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన పెద్దలు అక్కడి గడ్డి కోసే బండ్ల గురించి చెబుతుంటారు. చిన్న ట్రాక్టరు వలె మీద కూర్చుని తోలే బండి, కింద కత్తులు తిరుగుతాయి. ఆ కత్తుల కొసలు గంటకు 300 కిలోమీటర్లకు దగ్గరి వేగంతో తిరుగుతాయి, రాయి తగిలితే తుపాకీ గుండువలె ఎగురుతుంది. అందుకని ఆ బండ్లకు సీటు కింద ఒక స్విచ్చి పెట్టారు. కత్తులు తిరుగుతుండగా మనిషి సీటు నుండి లేస్తే అవి ఆగిపోతాయి. అంత ఏర్పాటు ఉన్నా, పదహారేళ్ళు నిండనివారు దానిని తోలకూడదని, ఎవరూ పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదని, కోసేటప్పుడు చిన్న పిల్లలు ఇంటి లోపలే ఉండాలని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. ముఖ్యంగా బండి వెనుకకు తోలేటప్పుడు వెనుక చేరిన పసిపిల్లలు కనబడరు. మనుమలను చూడడానికి వెళ్ళే తాతయ్యలు, అమ్మమ్మలు ఇది గుర్తుంచుకోవాలి. మనుమడు ముచ్చటపడుతున్నాడని ఆ బండి ఎక్కించవద్దు. మన పొలాలలో తిరిగే చాలా ట్రాక్టర్లకు ఆ సీటు స్విచ్చి కూడా లేదు. డ్రైవరు దిగినా రోటవేటరు తిరుగుతూనే ఉంటుంది. ఇక ఎంత జాగ్రత్త కావాలో మీరే ఆలోచించండి.

తిరగబడిన ట్రాక్టర్ల కేసులు సంఖ్యలో తక్కువే గాని మా వద్దకు ప్రాణంతో చేరేవారు ఇంకా తక్కువ. బురదలో కూరుకుపోయినప్పుడు పెద్ద చక్రాలకు దుంగ కట్టి ముందుకు లాగించడం చాలా ప్రమాదం. చక్రం తిరగలేకపోతే ట్రాక్టర్ ముందు భాగమే పైకి లేచి డ్రైవరు మీద వెనుకకు పడుతుంది. అది రెండు సెకన్లలోపే జరిగిపోతుంది, దూకే సమయం ఉండదు. కూరుకుపోతే నెమ్మదిగా వెనుకకు తీయాలి, రాకపోతే ఇంకొక ట్రాక్టర్‌తో లాగించాలి. గొలుసును కింది కొక్కానికే తగిలించాలి, పైనున్న లింకుకు కాదు. స్వీడన్ దేశంలో 1959 నుండి కొత్త ట్రాక్టర్లకు డ్రైవరు తలపై ఇనుప చట్రం తప్పనిసరి చేశారు, తరువాతి సంవత్సరాలలో తిరగబడి చనిపోయేవారి సంఖ్య బాగా పడిపోయింది. మనవాళ్ళు అదే డబ్బుతో పాటల పెట్టెలు పెట్టించుకుంటున్నారు. ఆ పాటల హోరులో వెనుక పడినవాడి కేక వినబడదు. పాటల మీద మాకు కోపం లేదు, రోడ్డు మీదా పొలంలోనూ మాత్రం కట్టివేయండి.

బాగు చేసుకునేటప్పుడు జరిగే ప్రమాదాలు వేరు. కత్తులకు చుట్టుకున్న గడ్డి, తీగెలు తీయడానికి చాలామంది ఇంజను ఆపకుండానే దిగుతారు. ముందు పి.టి.ఓ. తీసివేసి, రోటవేటరును నేలమీదకు దించి, ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని అప్పుడు చేయి పెట్టాలి. చెవి జేబులో ఉండడం ముఖ్యం, ఎందుకంటే మీరు వంగి ఉండగా మరొకరు సాయం చేద్దామని స్టార్టు చేస్తారు. కత్తులు మార్చడానికి రోటవేటరును పైకి ఎత్తవలసివస్తే కింద గట్టి దుంగలు పెట్టండి. హైడ్రాలిక్ మీద నమ్మకం పెట్టుకుని దాని కింద దూరవద్దు, ఎవరైనా లీవరు తాకినా, పైపు పగిలినా అది దిగిపోతుంది. కొక్కాల పిన్నుల స్థానంలో మేకులు, తీగెలు వాడవద్దు. స్టార్టరు పాడైతే కింద నిలబడి స్క్రూడ్రైవరుతో రెండు మొనలూ కలిపి స్టార్టు చేసే అలవాటు ఒకటి ఉంది. గేరులో ఉంటే బండి కదిలి నేరుగా ఆ మనిషి మీదుగానే పోతుంది. వేడి రేడియేటరు మూత తీయవద్దు, అరగంట ఆగండి. ముఖం కాలి వచ్చినవారికి మేము చల్లని మామూలు నీళ్ళు పోస్తూ ఉంటాము, ఇరవై నిమిషాలు. బ్యాటరీ నీళ్ళు కంటిలో పడినా అదే, ముందు నీళ్ళతో బాగా కడిగి తరువాత ఆసుపత్రికి రావాలి. రోడ్డు ఎక్కేముందు ఎడమ, కుడి బ్రేకు పెడళ్ళను కలిపే కొక్కెం వేసుకోవాలి. పొలంలో విడిగా వాడుకున్న బ్రేకులతో రోడ్డు మీద వేగంగా పోతూ ఒకటే తొక్కితే బండి ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. వంతెన దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేయవద్దు. ట్రాలీ వెనుక ఎర్రగా మెరిసే స్టిక్కర్లు అంటించండి.

ఇక ప్రమాదం జరిగిన తరువాత మీరు చేయవలసినది. ఇది మా పని గనుక కాస్త వివరంగా వ్రాస్తాము.

మనిషి కాలు కత్తులలో ఇరుక్కుని ఉంటే మొదట ఇంజను ఆపండి. బయటికి వస్తుందేమోనని మళ్ళీ స్టార్టు చేసి తిప్పడం, కాలు పట్టి గుంజడం చేయకండి. షాఫ్టు విప్పండి, స్పానరుతో ఆ కత్తి బోల్టులు విప్పండి. స్పానరు ఎప్పుడూ ట్రాక్టర్ పెట్టెలోనే ఉండాలని చెప్పేది ఇందుకే. ఒకరు ఆ పని చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. 2005 నుండి మనకు ఈ అంబులెన్సు ఉంది, అయినా ఆటోలో కాలు వేలాడుతూ తెచ్చేవారు ఇంకా ఉన్నారు. పొలం పేరు చెబితే వారికి తెలియదు, ఒక మనిషిని తారురోడ్డు మీదకు పంపి నిలబెట్టండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడతపెట్టి అరచేతితో గట్టిగా నొక్కండి. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడవద్దు. గుడ్డ తడిస్తే దానిమీదే ఇంకొకటి పెట్టి నొక్కండి. చేయి, కాలు నుండి రక్తం ఎగజిమ్ముతూ, ఎంత నొక్కినా ఆగకపోతే అప్పుడు కట్టు కట్టాలి. గాయానికి నాలుగు వేళ్ళ వెడల్పు పైన, కీలు మీద కాకుండా, కండువాను వెడల్పుగా మడిచి కట్టి, అందులో ఒక పుల్ల దూర్చి రక్తం ఆగేవరకు మెలిపెట్టండి. తాడు, తీగె, నైలాను దారం వాడవద్దు, అవి కండను కోస్తాయి. కట్టిన సమయం అతని చేతి మీదే పెన్నుతో వ్రాయండి. దారిలో వదులు చేయవద్దు, అది విప్పే పని డాక్టరుగారిది.

వేలు తెగి పడితే వెదకి తీసుకురండి. మంచి నీళ్ళతో మట్టి పోయేలా తేలికగా కడిగి, తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టండి. ఆ సంచిని ఐసు వేసిన నీళ్ళలో పెట్టండి. ఐసు నేరుగా వేలుకు తగలకూడదు. ఐసు దొరకలేదని ఆలస్యం మాత్రం చేయవద్దు. గాయం మీద పసుపు, కాఫీ పొడి, సున్నం, డీజిలు, గ్రీజు వేయకండి. అవి వేసి తెస్తే, వాటిని కడిగి తీయడానికే మాకు గంట పడుతుంది, ఆ గంటసేపు రోగి బాధ మీరు చూడలేరు. ఆపరేషను అవసరం కావచ్చు గనుక దారిలో కాఫీ, సోడా, భోజనం ఏమీ పెట్టవద్దు.

పొలం మట్టిలో, పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. టి.టి. ఇంజక్షను చిన్నప్పుడు వేశారు కదా అంటారు. మట్టి పట్టిన లోతు గాయానికి చివరి ఇంజక్షను అయిదేళ్ళు దాటి ఉంటే మళ్ళీ వేయించాలి. అసలు పూర్తిగా వేయించుకోనివారికి వేరే మందు కూడా ఇవ్వవలసి ఉంటుంది. అందువలన పొలం పని చేసే ప్రతివారి టి.టి. తేదీ ఇంట్లో బైబిలు అట్ట లోపల గాని, రేషను కార్డు కవరులో గాని వ్రాసి పెట్టుకోండి. మా అవుట్ పేషెంటు విభాగంలో తేదీ అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది గోడవైపు చూస్తారు.

చివరిగా ట్రాలీల సంగతి. 2018లో ఏప్రిల్ నెలలో నల్గొండ జిల్లాలో మిరప కోతకు వెళ్తున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడింది. అదే సంవత్సరం జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో ఇంకొకటి మూసీ కాలువలో పడింది. ఈ రెండింటిలో చనిపోయినవారు ఇరవైమందికి పైగా, దాదాపు అందరూ స్త్రీలే. ట్రాలీ తిరగబడితే లోపలివారు దాని కిందనే ఉండిపోతారు. నీటిలో అయితే పైకి రావడానికి దారి ఉండదు. కూలీలను తీసుకువెళ్ళే మేస్త్రీలకు, ఆసాములకు ఇది చెప్పవలసిన మాట. మన సంఘాలకు కూడా చెప్పవలసిన మాటే. క్రిస్మస్ కూటములకు, వేసవి మహాసభలకు మనమే పిల్లలతో, ముసలివారితో ట్రాలీ నిండా ఎక్కించి, రాత్రి పదకొండు గంటలకు కాలువ గట్టు మీదుగా తిరిగి వస్తున్నాము. వ్యాను గాని, ఆర్టీసీ బస్సు గాని మాట్లాడుకుంటే మనిషికి కొంత డబ్బు ఎక్కువ అవుతుంది. సంఘ పెద్దలు, పాస్టరుగార్లు ఈ సంవత్సరం కూటముల ఖర్చు లెక్క వేసేటప్పుడు బస్సు ఛార్జీ మొదటి వరుసలో వ్రాయవలసిందిగా కోరుతున్నాము. స్త్రీల సమాజం వారు ఇందుకు నెలనెలా కొంత కూడబెడతామంటే, ఆసుపత్రి నర్సుల తరఫున మా వంతు మేమూ ఇస్తాము.